ఆర్కేడ్‌లో 55, ఇంట్లో 36: స్పేస్ ఇన్వేడర్స్ లెక్క

మీరు అడిగింది ఇది: బారులు తీరి కిందికి దిగే శత్రువులను ఫిరంగితో కాల్చే ఆట స్పేస్ ఇన్వేడర్స్. టీవీకి తగిలించి ఆడే అటారి 2600 కన్సోల్ కోసం వచ్చిన దాని రూపాన్ని ఎమ్యులేటర్‌లో (పాత యంత్రంలా నడిచే ప్రోగ్రాములో) ఆడి చూశారు. నాణెం వేసి ఆడే అసలు ఆర్కేడ్ ఆటలో 55 మంది శత్రువులుంటే ఇందులో 36 మందే ఉన్నారు. నాలుగు రక్షణ గోడలకు మూడే మిగిలాయి. ఇంత నాసిరకం నకలు కోసం జనం అంతగా ఎందుకు ఎగబడ్డారన్నది మీ సందేహం. పైన ఎగిరే పళ్లెం లాంటి నౌకను 23వ తూటాతో కొడితే 300 పాయింట్లు వస్తాయని చదివి ఎన్నిసార్లు లెక్కపెట్టి కొట్టినా 200 మాత్రమే వస్తున్నాయనీ, స్కోరు 2000 దాటడమే గగనంగా ఉందనీ కూడా రాశారు.

స్కోరు సంగతి కింద చెబుతాను. ముందు ఆ ‘నాసిరకం నకలు’ అన్న మాటతో నాకు పేచీ ఉంది. ఈ పాత కన్సోల్‌కు సరదాగా ప్రోగ్రాములు రాసే అలవాటు ఉండటం వల్ల చెబుతున్నాను: 36 అనేది 55ను కత్తిరించగా మిగిలిన ముక్క కాదు. ఆ యంత్రం లోపల ఏముందో తెలిస్తే ఆరు నిలువు వరుసలు కాకుండా మరొకటి ఎలా వస్తుందని మీరే అడుగుతారు.

మొదట ఆర్కేడ్ ఆట. 1978లో జపాన్‌కు చెందిన టైటో సంస్థ కోసం తొమోహిరో నిషికాడో దాన్ని తయారుచేశారు. లోపల 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఇంటెల్ 8080 ప్రాసెసర్. అసలు విషయం ప్రాసెసర్ కాదు, తెర కోసం విడిగా కేటాయించిన మెమొరీ. 256 నిలువు, 224 అడ్డం చుక్కల తెరలో ఒక్కో చుక్కకు ఒక్కో బిట్ చొప్పున 7168 బైట్లు. అంటే తెర మీద కనిపించే బొమ్మ మొత్తం మెమొరీలో భద్రంగా ఉంటుంది. ఒకసారి గీసి వదిలేస్తే, మళ్లీ చెరిపేదాకా అక్కడే ఉంటుంది. ప్రాసెసర్ తీరిగ్గా ఒక మూల మార్చుకుంటే చాలు.

తీరిక అన్నాను గానీ, 55 బొమ్మలనూ ఒకేసారి చెరిపి మళ్లీ గీసేంత సత్తా ఆ ప్రాసెసర్‌కు లేదు. అందుకే ప్రోగ్రాము ఒక ఫ్రేములో (తెర మీద ఒకసారి పడే పూర్తి బొమ్మలో) ఒక్క శత్రువును మాత్రమే కదుపుతుంది. సెకనుకు 60 ఫ్రేములు కాబట్టి, నిండు దండు ఒక్క అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. సగం మంది చచ్చాక అదే అడుగుకు అర సెకను. చివరికి మిగిలిన ఒక్కడు ప్రతి ఫ్రేములోనూ కదులుతాడు, అంటే పిచ్చెత్తినట్టు పరిగెడతాడు. మీరు తెర మీద చూసే ఆ ఉరుకు ఎవరూ కోరి పెట్టినది కాదు. యంత్రం నెమ్మదితనంలోంచి దానంతట అది పుట్టింది. ఆటను అదే రక్తి కట్టిస్తోందని నిషికాడో గమనించి, సరిదిద్దకుండా ఉంచేశారు.

(ఆ ఆట దెబ్బకు జపాన్‌లో 100 యెన్ల నాణేలకు కరువొచ్చిందని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. నమ్మకండి. వినడానికి బాగుంటుంది, అంతే.)

ఇప్పుడు ఇంటి యంత్రం. అటారి దాన్ని 1977లో ‘వీడియో కంప్యూటర్ సిస్టమ్’ పేరుతో విడుదల చేసింది. 2600 అన్న పేరు 1982లో వచ్చింది. లోపల 6507 ప్రాసెసర్ 1.19 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. మెమొరీ 128 బైట్లు. పొరపాటున కిలోబైట్లు అని చదవకండి, బైట్లే. మీ ప్రశ్నను తెలుగులో దాచాలన్నా ఆ 128 బైట్లు చాలవు. ఆర్కేడ్ యంత్రం తెర ఒక్కదానికే 7168 బైట్లు పెడితే, ఇక్కడ ఆట మొత్తానికీ ఉన్నది ఇంతే. కాబట్టి బొమ్మను ముందుగా గీసి దాచుకునే ప్రసక్తే లేదు.

మరి తెర మీద బొమ్మ ఎలా వస్తుంది? పాత టీవీలో ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి ఒక్కో అడ్డుగీత గీసుకుంటూ పోతుంది. అమెరికా పద్ధతిలో ఫ్రేముకు 262 గీతలు, అందులో ఆటకు వాడుకునేవి మామూలుగా 192. ఈ కన్సోల్‌లోని టీఐఏ అనే చిప్‌కు తెలిసింది ఆ క్షణంలో గీస్తున్న ఒక్క గీతే. మగ్గం మీద చీర నేసేటప్పుడు ఒక్కో అడ్డుపోగు పడుతూ అంచూ బుటాలూ వాటంతటవే తేలుతాయి కదా, ఇదీ అంతే. తర్వాతి గీతకు ఏ రంగు, ఏ ఆకారం అన్నది కిరణం అక్కడికి చేరేలోగా ప్రోగ్రాము చిప్‌కు చెప్పాలి. గీతకు దొరికే సమయం 76 ప్రాసెసర్ సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారపు టిక్కులు. ఒక్కో ఆదేశానికి రెండు నుంచి ఏడు సైకిళ్లు పడుతుంది. ఎంత పిసినారిగా రాసినా గీతకు ఇరవై చిల్లర ఆదేశాలు. ఆలస్యమైతే బొమ్మ చెదిరిపోతుంది, మళ్లీ అవకాశం ఉండదు. శత్రువులను కదపడం, ఢీకొన్నాయా లేదా చూడటం, స్కోరు కూడటం లాంటి లెక్కలన్నీ తెర మీద ఏమీ గీయనప్పుడు, పైనా కిందా మిగిలిన కనిపించని గీతల సమయంలో చేసుకోవాలి.

ఆ టీఐఏ చిప్‌ను తయారుచేసినప్పుడు వాళ్ల మనసులో ఉన్న ఆటలు ఇద్దరి మధ్య బంతాట పాంగ్, ఇద్దరి మధ్య ట్యాంకుల పోరు ట్యాంక్. అందుకే చిప్‌లో కదిలే వస్తువులు అయిదే: ఇద్దరు ఆటగాళ్లకు ఎనిమిదేసి చుక్కల వెడల్పు బొమ్మలు రెండు, వాళ్ల తూటాలు రెండు, ఒక బంతి. ఇవి కాక గోడల కోసం ముతకగా ఉండే నేపథ్యం. అంతే. ఆర్కేడ్‌లోలా ఒక వరుసలో 11 మంది శత్రువులను నిలబెట్టమంటే ఈ చిప్ చేతులెత్తేస్తుంది.

కానీ అందులో ఒక వెసులుబాటు ఉంది. ఒక్కో ఆటగాడి బొమ్మను అదే గీతలో మూడుసార్లు వరకూ పునరావృతం చేయమని చిప్‌లోని ఒక రిజిస్టర్‌కు (ఆదేశం రాసే చిన్న గడికి) చెప్పవచ్చు. రెండు బొమ్మలు, ఒక్కోదానికి మూడు కాపీలు. మొత్తం ఆరు. మీరు చూసిన ఆరు నిలువు వరుసలు ఇవే.

ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఆర్కేడ్‌లో అడ్డంగా 11, నిలువుగా 5. అటారిలో అడ్డంగా 6, నిలువుగా కూడా 6. అంటే అడ్డంగా తగ్గింది గానీ నిలువుగా ఒక వరుస పెరిగింది! ఎందుకంటే ఈ యంత్రంలో అడ్డంగా ఒక్క బొమ్మ పెంచడం తలకు మించిన పని, నిలువుగా పెంచడం దాదాపు ఉచితం. ఒక వరుస గీయడం అయిపోయాక అవే రెండు బొమ్మలకు కొత్త ఆకారం, కొత్త రంగు ఇచ్చి కింది వరుసకు వాడుకోవచ్చు. ఇది తెలిసినవాడు యంత్రానికి ఎదురు వెళ్లకుండా దాని వాలున నడిచాడు. నకలు కొట్టేవాడు ఇలా ఆలోచించడు.

ఆ పని చేసిన ప్రోగ్రామర్ రిక్ మౌరర్. అటారికి రాకముందు ఫెయిర్‌చైల్డ్ అనే కంపెనీలో చానెల్ ఎఫ్ కన్సోల్‌కు ఆటలు రాసినవారు. అప్పట్లో అటారి తన ప్రోగ్రామర్ల పేర్లు పెట్టె మీద వేసేది కాదు కాబట్టి, లక్షల ఇళ్లలో ఆడిన ఆటకు ఆయన పేరు చాలా మందికి తెలియదు. మొత్తం ఆట 4 కిలోబైట్ల కాట్రిడ్జ్‌లో (కన్సోల్‌లో దూర్చే ఆట డబ్బాలో) ఒదిగింది.

ఆరు కాపీలు దొరికాయి కదా, ఇక పని అయిపోయిందనుకోకండి. అసలు తిరకాసు శత్రువు చచ్చాక మొదలవుతుంది. ఒక బొమ్మకు మూడు కాపీలంటే మూడూ అచ్చు ఒకేలా ఉంటాయి. మధ్యవాడు చస్తే వాడి చోటు ఖాళీగా కనిపించాలి, అటూ ఇటూ ఉన్నవాళ్లు మాత్రం ఉండాలి. ఒక్క ప్రాసెసర్ సైకిల్ గడిచేలోపు కిరణం మూడు చుక్కలు దాటిపోతుంది. శత్రువు వెడల్పు ఎనిమిది చుక్కలు, పక్కన ఎనిమిది ఖాళీ అనుకుంటే, ఒకడి మొదలు నుంచి పక్కవాడి మొదలుకు అయిదు సైకిళ్ల పైచిలుకు. ఒక విలువను తీసుకుని చిప్‌లో పెట్టడానికే కనీసం అయిదు సైకిళ్లు కావాలి. ఎవడు బతికి ఉన్నాడో, ఎవడు పోయాడో ఆ సందులో కూర్చుని ఆలోచించే తీరిక లేదు. అంతా ముందే లెక్కకట్టి పెట్టుకోవాలి. ఇదంతా జరుగుతున్నా మౌరర్ రాసిన దండు రెపరెపలాడదు, నిలకడగా కనిపిస్తుంది. దీని విలువ తెలియాలంటే అదే కన్సోల్‌లో 1982లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ ఆడి చూడండి. అక్కడ నాలుగు దెయ్యాలు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తిరుగుతాయి, వరుస లేదు, కాపీల ఉపాయం పనికిరాదు. అందుకని వాటిని ఫ్రేముకొకటి చొప్పున వంతులవారీగా గీశారు. ఫలితం మీకే కనిపిస్తుంది, కళ్లు నొప్పి పుడతాయి. ప్రోగ్రామర్ల నైపుణ్యంలో తేడా కంటే ఆట స్వభావంలో తేడా ఎక్కువ. బారులు తీరి నడిచే శత్రువులు ఈ చిప్‌కు నచ్చుతారు, చెల్లాచెదురుగా తిరిగేవాళ్లు నచ్చరు. 1982లో వచ్చిన డీమన్ అటాక్, మెగామేనియా కూడా కదలని తెర మీద కాల్పుల ఆటలే కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

చివరివాడి ఉరుకు సంగతి చూడండి. ఆర్కేడ్‌లో అది యంత్రం బలహీనత వల్ల వచ్చింది. అటారిలో ఆ బలహీనతే లేదు! ఇక్కడ తెర మొత్తం ప్రతి ఫ్రేములోనూ ఎలాగూ కొత్తగా గీయాల్సిందే. 36 మంది ఉన్నా ఒక్కడే ఉన్నా గీయడానికి పట్టే సమయం ఒకటే. దండు మొత్తాన్ని ఫ్రేముకొక చుక్క జరపాలన్నా యంత్రానికి భారం కాదు. అంటే శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరగడాన్ని ప్రోగ్రామర్ కావాలని రాసి పెట్టాలి. మొదట్లో నెమ్మదిగా నడవమని దండును పట్టి ఆపాలి, తర్వాత కొద్దికొద్దిగా పగ్గాలు వదలాలి. అడుగుల చప్పుడు కూడా దానికి తగ్గట్టే జోరందుకోవాలి. ఒక చోట అనుకోకుండా దొరికిన గుణాన్ని మరో చోట తెలిసి మరీ కట్టారు. ఈ ఆటను నకలు అనడం నాకు ఎందుకు గిట్టదో ఈ ఒక్క విషయం చాలు.

ఇక జనం ఎందుకు ఎగబడ్డారన్నది. 1980లో ఇది విడుదలైంది. ఆర్కేడ్ ఆటను అధికారికంగా హక్కులు కొని ఇంటి కన్సోల్‌కు తేవడం ఇదే మొదలు. పది లక్షలు అమ్ముడుపోయిన తొలి కాట్రిడ్జ్ కూడా ఇదే. దీని వల్ల కన్సోల్ అమ్మకాలే నాలుగింతలయ్యాయని చెబుతారు. అప్పటిదాకా కన్సోల్ కొని తర్వాత ఆటలు వెతుక్కునేవాళ్లు, ఇప్పుడు ఆట కోసం కన్సోల్ కొన్నారు. అదే ఏడాది అటారి అమెరికాలో జాతీయ స్థాయి పోటీ పెడితే పదివేల మందికి పైగా పాల్గొన్నారు. గెలిచినవారు రెబెక్కా హైనెమన్. ఆమె తర్వాత పేరున్న గేమ్ ప్రోగ్రామర్ అయ్యారు.

కానీ పేరు చూసి కొన్నవాళ్లు నెలల తరబడి ఆడటానికి కారణం వేరే ఉంది. పెట్టె మీద 112 ఆటలు అని ఉంటుంది. అది ప్రచారపు గొప్ప కాదు, కూడికే. కదిలే గోడలు, వంకర్లు తిరిగే బాంబులు, వేగంగా పడే బాంబులు, కనిపించని శత్రువులు: ఈ నాలుగు మార్పులను కలిపీ విడదీసీ పెడితే 16 రకాలు. ఒంటరిగా ఆడే పద్ధతి ఒకటి, ఇద్దరు ఆడే పద్ధతులు ఆరు, మొత్తం ఏడు. ఏడు పదహార్లు 112. ఆర్కేడ్‌లో ఇద్దరు ఆడటమంటే ఒకరి తర్వాత ఒకరు వంతులు వేసుకోవడమే. ఇక్కడ ఇద్దరూ ఒకేసారి రెండు ఫిరంగులతో ఒకే దండు మీద పడవచ్చు, ఒకే ఫిరంగిని పంచుకుని తిట్టుకోవచ్చు. చిప్‌లో ఇద్దరు ఆటగాళ్ల బొమ్మలు పుట్టుకతోనే ఉన్నాయని పైన చెప్పాను, దాన్ని మౌరర్ ఇలా కూడా వాడుకున్నారు. పక్కన మనిషి ఉంటే ఆర్కేడ్ కంటే ఇదే మెరుగైన ఆట అని నా అభిప్రాయం. మీరు ఒంటరిగా ఒకటో నంబరు ఆట మాత్రమే ఆడి తీర్పు చెప్పినట్టున్నారు. అన్నయ్యనో చెల్లెలినో కూర్చోబెట్టి ఒక సాయంత్రం ఆడండి, తర్వాత మాట్లాడుకుందాం.

సరే, స్కోరు. 23వ తూటా చిట్కా ఆర్కేడ్‌ది. అక్కడ పళ్లెం నౌక విలువ మీరు పేల్చిన తూటాల లెక్క మీద ఆధారపడి ఉంటుంది. 23వ తూటాకు, ఆ తర్వాత ప్రతి 15వ తూటాకు 300 వస్తాయి. అటారిలో ఆ లెక్కే లేదు, ఎప్పుడు కొట్టినా 200. కాబట్టి తూటాలు లెక్కపెట్టడం మానేయండి, మీ ధ్యాస సగం అక్కడే పోతోంది.

దానికి బదులు ఈ లెక్క చూసుకోండి. కింది వరుసలో ఒక్కో శత్రువుకు 5, పైకి వెళ్లేకొద్దీ 10, 15, 20, 25, అన్నిటికంటే పైన 30. నిలువు వరుస మొత్తం కలిపితే 105, ఆరు నిలువు వరుసలకు 630. అంటే ఒక దండును పూర్తిగా తుడిచిపెడితే 630. మూడు నౌకలు కొడితే 600. నౌక కనిపించినప్పుడల్లా చేతిలో పని వదిలి దాని వెంట పడటమే సరైన బేరం. అయితే మీ తూటా ఒకటి గాల్లో ఉండగా రెండోది పేలదు. నౌక వచ్చే వేళకు అనవసరంగా ఒక తూటాను పైకి వదిలి ఉంటే, అది తెర పైదాకా పోయేవరకూ చేతులు కట్టుకుని చూస్తూ ఉండాల్సిందే. గురి లేని కాల్పులు తగ్గించడమే మొదటి మెట్టు.

రెండోది, ఎవరిని ముందు చంపాలన్నది. చాలా మంది దగ్గరగా ఉన్నారని కింది వరుసను చదును చేసుకుంటూ పోతారు. ఎవరిని చంపినా దండు వేగం పెరుగుతుంది, కాబట్టి వేగం పెరిగినందుకు ప్రతిఫలంగా ఏదో ఒకటి రావాలి. అంచు నిలువు వరుసను ఖాళీ చేస్తే దండు వెడల్పు తగ్గుతుంది. తెర అంచును తాకేదాకా ఎక్కువ దూరం నడుస్తుంది, కిందికి దిగడం ఆలస్యమవుతుంది. అందుకని మొదట ఒక పక్క నిలువు వరుస, తర్వాత రెండో పక్కది. ఆ తర్వాత మిగిలినవాళ్లను కింది నుంచి పైకి. చివరివాడు పై వరుసలో ఉండేలా చూసుకోండి. వాడికి 30 పాయింట్లు, నేలకు దిగడానికి ఎక్కువ సమయం కూడా పడుతుంది. చివరి ఇద్దరిలో మొదటివాడిని కొట్టబోయే ముందు ఒక క్షణం ఆగి, ఆ మిగిలేవాడు ఎటు పరిగెడతాడో చూసి, వాడి ముందు భాగాన ఫిరంగిని పెట్టుకుని అప్పుడు కాల్చండి. వాడిని వెంటాడితే దొరకడు, ఎదురు చూస్తేనే దొరుకుతాడు.

గోడల్లో మీరే సన్నటి సందు ఒకటి తవ్వుకుని దాని కింద నుంచి కాల్చడం పాత విద్యే, ఇక్కడా పనికొస్తుంది. కాకపోతే దండు బాగా కిందికి దిగాక గోడలు మాయమవుతాయి, వాటి మీద బెంగ పెట్టుకోకండి.

కన్సోల్ మీద ఉండే కష్టం స్విచ్ ‘ఏ’ వైపు ఉందేమో చూసుకోండి. ‘ఏ’లో మీ ఫిరంగి రెట్టింపు వెడల్పు అవుతుంది, బాంబులు తగలడం సులువవుతుంది. ఎమ్యులేటర్‌లో అది తెలియకుండానే అలా ఉండిపోవచ్చు, మీ 2000 కష్టాలకు అదే కారణమైనా ఆశ్చర్యపోను. కొత్త టీవీకి తగిలించి ఆడుతుంటే టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. లేకపోతే మీరు నొక్కినదానికీ తెర కదిలినదానికీ మధ్య వచ్చే జాప్యం ఈ ఆటను చంపేస్తుంది.

ఇంకొక సంగతి, మన దగ్గర పాత కన్సోల్ దొరికితే కొనాలనుకునేవాళ్ల కోసం. అమెరికా కన్సోల్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది, సెకనుకు 60 ఫ్రేములు. భారత్‌లో పాత టీవీలు పాల్ పద్ధతివి, 50. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన యంత్రాన్ని ఇక్కడి పాత టీవీకి తగిలిస్తే రంగులు రాకపోవడం, బొమ్మ పొర్లడం, శబ్దం వినిపించకపోవడం యంత్రం చెడిపోవడం వల్ల కాకపోవచ్చు. ఎమ్యులేటర్‌లోనైతే ఈ బాధ లేదు. స్టెల్లా లాంటి ఎమ్యులేటర్ కాట్రిడ్జ్ ఏ పద్ధతిదో చాలావరకు తనే కనిపెడుతుంది. రంగులు వింతగా ఉంటే మాత్రం ఆ అమరిక చూడండి. స్టెల్లాలో ఎఫ్1 ఆట నంబరు మారుస్తుంది, ఎఫ్2 కొత్త ఆట మొదలుపెడుతుంది.

ఆఖరుగా, అసలు కన్సోల్‌లో రీసెట్ స్విచ్‌ను పట్టుకుని ఉండి పవర్ వేస్తే, ఒక తూటా గాల్లో ఉండగానే రెండోది కూడా పేల్చగలరు. ఎమ్యులేటర్‌లో రీసెట్ నొక్కి ఉంచినట్టుగా ఆట మొదలుపెట్టే ఎంపిక వెతకండి. గురి సాధన చేయడానికి బాగుంటుంది, ఆ స్కోరును మాత్రం మామూలు స్కోరులో కలపకండి. స్కోరుకు నాలుగు అంకెల చోటే ఉంది. 9999 దాటితే మళ్లీ 0000 నుంచి మొదలవుతుంది, అక్కడిదాకా వెళితే దాటకముందే తెరను ఫొటో తీసుకోండి.